వరండా ట్యాంకులో పగడం

మా డిపార్ట్‌మెంట్ వరండాలో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉండేది. నేను పరిశోధనలో చేరిన ఏడాది దాన్ని చూసుకునే పని నామీద పడింది. శుద్ధి చేసిన నీళ్ళలో ప్యాకెట్ల ఉప్పు కలిపి, ఉప్పదనం కొలిచి, వేడి చూసి, ఇదే సముద్రమని ఆ పగడాలను నమ్మించాలి. నేను సిద్దిపేట అవతల పత్తిచేల మధ్య పెరిగినదాన్ని. సముద్రం నేనూ చూడలేదు. అయినా నా చేతుల్లో పగడాలు బతికాయి, పెరిగాయి.

మా ల్యాబులో నాకంటే ముందు చేరిన ఒకతను ఉండేవాడు. అందరం అన్నా అనేవాళ్ళం. నన్ను చెల్లె అని పిలిచేవాడు. డిపార్ట్‌మెంట్ కెమెరా, చిన్న ప్రాణుల్ని దగ్గరగా తీసే దాని లెన్సు అతని బీరువాలో ఉండేవి. తాళంచెవి అతని జేబులో ఉండేది. ఒకసారి ఇమ్మని అడిగితే నవ్వాడు.

“నీకెందుకు చెల్లె గంత బరువు? ఫోన్ ఉన్నది కద. దాంతోని గొట్టు.”

సరే అనుకున్నాను. తార్నాకలో ఫోన్ కవర్లు అమ్మే బండి మీద క్లిప్పుతో తగిలించుకునే చిన్న లెన్సు దొరికింది. దాంతో వారాల తరబడి తీశాను. ఎక్కువ భాగం నీలం మసక. ఒక మధ్యాహ్నం మేత వేసినప్పుడు ఒక పగడం నోరు పూర్తిగా విప్పింది. చుట్టూ మేత పట్టుకునే సన్నటి వేళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా పడ్డాయి ఫొటోలో. లోపలి ఆకుపచ్చ అంచు కూడా స్పష్టంగా కనిపించింది. కుర్చీలోంచి లేచి వరండాలో ఆ చివరి దాకా నడిచి వచ్చాను. అంత సంతోషం.

అతనికే మొదట చూపించాను.

“ఏంది చెల్లె, గిది నువ్వే తీసినవా? ఫోన్ తోనా?” అని రెండుసార్లు అడిగాడు. “వాట్సాప్‌ల పంపకు, ఖరాబైతది. కేబుల్ పెట్టి నా లాప్‌టాప్‌ల ఎక్కియ్యి. మేడంకు చూపిస్త.”

మేడం అంటే మా ప్రొఫెసర్. నేను నమ్మి ఎక్కించాను. తర్వాత కొద్దిరోజులకే, ట్యాంకు కింది వడపోత తొట్టిలో దూది మారుస్తుంటే నా ఫోను జారి ఉప్పునీళ్ళలో పడింది. తార్నాక రిపేరు షాపులో విప్పి చూపిస్తే లోపలంతా పచ్చటి చిలుము పట్టింది. అందులో ఉన్న ఫొటోలు ఇంకెక్కడా దాచుకోలేదు. ఆ సంగతి కూడా అతనికే చెప్పుకున్నాను. అయ్యో అన్నాడు. క్యాంటీన్‌కు తీసుకుపోయి చాయ్ తాగించాడు. ఆ చాయ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా డిపార్ట్‌మెంట్‌లో ఫొటోల ప్రదర్శన పెట్టారు. ఉత్తమ ఫొటో తీసిన వాళ్ళకు, సముద్ర దీవుల సర్వేకు వెళ్ళే బృందంలో చోటిస్తామన్నారు. మొదటి ఉదయం సెమినార్ హాల్లోకి వెళ్ళేసరికి ఎదురుగా, అన్నిటికంటే పెద్దగా, నా పగడం వేలాడుతోంది. కింద అతని పేరు. దీవుల దగ్గర నీటి అడుగున తీసినట్టు రాసి ఉంది. అంతకుముందు ఒకసారి అతను అటు వెళ్ళివచ్చాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. జనం మెచ్చుకుంటున్నారు. అతను తల వంచుకుని, సిగ్గుపడుతున్నట్టు నవ్వుతున్నాడు.

కాసేపటికి అతనే నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

“లొల్లి చెయ్యకు చెల్లె. నీ ఫోన్ పాయె. ఎవరన్న అడిగితే ఏం చూపిస్తవ్?”

ఆ మాట అనకపోయి ఉంటే బహుశా ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దొంగతనం కంటే ఆ లెక్క నన్ను కోసింది. నా ఫోను పాడయ్యేదాకా ఆగి, పాడయ్యాక ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ చాయ్ తాగించింది జాలితో కాదు, అంతా పోయిందో లేదో కనుక్కోవడానికి.

బయటికి పోబోయి వెనక్కి తిరిగాను. మళ్ళీ ఆ ఫొటో ముందు నిలబడి అంగుళం అంగుళం చూశాను. పగడాలను మేము సిమెంటు బిళ్ళలకు అతికించి పెంచుతాం. ఆ బిళ్ళ కనపడకుండా అతను కింది భాగం కత్తిరించేశాడు. కానీ పగడం పక్కన తెల్లటి పురుగు గూడు ఒకటి ఉంది. సుద్దలా గట్టిగా ఉండే సన్నటి గొట్టం. రెండు చుట్లు తిరిగి, కొస విరిగి ఉంటుంది. రోజూ మేత వేసే నాకు అది మా ఇంటి గడపంత తెలుసు. అతనికి తెలియదు. అతను ఆ ట్యాంకులోకి ఎప్పుడైనా వంగి చూస్తే కదా!

లాలాపేట్‌లో నేను మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటావిడ ఉండేవారు. తెనాలి వైపు నుంచి వచ్చి, టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు కుండీలు. ఆ సాయంత్రం గేటు తీసిన చప్పుడుకే బయటికి వచ్చారు.

“ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది?”

మెట్ల మీద కూర్చుని అంతా చెప్పాను. ఆవిడ ఓదారుస్తారనుకున్నాను. ప్రార్థన చేద్దామంటారనుకున్నాను. ఆవిడ మాత్రం కొంగు దులుపుకుని నా పక్కన కూర్చున్నారు.

“మా ఆయన రాసిన పాట ఒకాయన తన పేరు మీద అచ్చు వేయించుకున్నాడు. గొడవెందుకులే అన్నారీయన. ఈయన పోయారు, ఆయనా పోయాడు. ఆ పాట మాత్రం చర్చిలో ఇంకా పాడుతూనే ఉన్నారు. నేనూ లేచి నిలబడి పాడతాను. పాడేటప్పుడు నా కడుపులో ఏముంటుందో దేవుడికి తెలుసు.”

“క్షమించాలి కదా ఆంటీ?” అన్నాను.

“క్షమిద్దువుగానిలే. తొందరేముంది? ముందు వాడి సంగతి తేల్చు.”

లోపలికి వెళ్ళి వాళ్ళాయన పాత ఫిల్ము కెమెరా తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. కెమెరా పనిచేయదు. లెన్సు మాత్రం శుభ్రంగా ఉంది. అలాంటి లెన్సును వెనక్కి తిప్పి పట్టుకుంటే చిన్నవి పెద్దగా కనిపిస్తాయని ఎక్కడో చదివాను. మా చిన్నాన్న కూతురు పక్కన పడేసిన, గాజు పగిలిన ఫోను అప్పటికే వాడుతున్నాను. దాని కెమెరా ముందు లెన్సును తిప్పి పెట్టి, ఆంటీ చాటలో ఉన్న బియ్యం గింజను చూశాను. గింజ తెర నిండా వచ్చింది. ఆంటీ కళ్ళజోడు సర్దుకుని, “అబ్బ, ఇంత పెద్ద గింజా!” అన్నారు.

గల్లీ చివర నల్లాల షాపులో ప్లాస్టిక్ పైపు ముక్క కోయించుకుని, ఫోను కవరుకు అతికించి, అందులో లెన్సు బిగించాను. పగిలిన సైకిల్ ట్యూబు చుట్టి కదలకుండా చేశాను. చూడ్డానికి వికారంగా ఉంది. నాకు మాత్రం అది ఆయుధంలా కనిపించింది. అలాగే పట్టుకున్నాను కూడా.

మర్నాటి నుంచి, అందరూ భోజనాలకు లేచినప్పుడు ట్యాంకు దగ్గర చేరేదాన్ని. ముందు పంపులు ఆపాలి, లేకపోతే పగడం వేళ్ళు ఊగుతూనే ఉంటాయి. ఎక్కువసేపు ఆపితే చేపలకు ఊపిరాడదు. గాజు లోపలి వైపు పట్టిన నాచును పాత బస్‌పాస్ అంచుతో గీకాలి. ట్యాంకు లైట్ల నీలంలో ఫోనుకు ఏమీ తెలియదు, అన్నిటినీ ఊదా ముద్ద చేస్తుంది. మిఠాయి డబ్బా మీది, అవతలివి కనిపించే పసుపు జిలుగు కాగితం లెన్సుకు అడ్డం పెడితే రంగులు దారికొచ్చాయి. ఫోనును గాజుకు తిన్నగా పెట్టాలి, కొంచెం వాలినా అంచులు చెదిరిపోతాయి. అన్నిటికంటే కష్టం ఫోకస్. ఆ లెన్సుతో వెంట్రుకవాసి లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. తెర మీద వేలితో నొక్కి లాభం లేదు, ఫోనునే ముందుకూ వెనక్కూ జరపాలి. పాత టేబుల్ సొరుగు ఊడబెరికి, దాని పట్టాల మీద ఫోను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి జరిపేదాన్ని.

ఫోకస్ తప్పినప్పుడల్లా ఒక్కటే తలుచుకునేదాన్ని: “ఏం చూపిస్తవ్?” మళ్ళీ మొదటినుంచీ జరిపేదాన్ని.

ఒకరోజు అతను అటుగా వచ్చాడు. నా పరికరాన్ని చూసి పగలబడి నవ్వాడు.

“గిదేంది చెల్లె? పిచికారి గొట్టమా?”

“టైంపాస్ అన్నా,” అన్నాను. నేనూ నవ్వాను. అంత తియ్యగా నేను ఎవరి ముందూ నవ్వలేదు.

చివరికి పడింది. పగడం పూర్తిగా విచ్చుకుంది. పక్కన రెండు చుట్ల తెల్ల గూడు, విరిగిన కొస. కింద సిమెంటు బిళ్ళ, దానిమీద నేను మార్కర్‌తో వేసిన గుర్తు. తార్నాక స్టూడియోలో ప్రింటు వేయించాను.

“కలర్ జర ఎక్కువ కొట్టాల్నా మేడం?” అని అడిగాడు స్టూడియో అతను.

“వద్దు. ఉన్నది ఉన్నట్టు కొట్టు.”

ప్రదర్శన ఆఖరి రోజు పొద్దున, హాలు తెరవగానే, అతని ఫొటో పక్కనే నా ప్రింటు తగిలించాను. కింద నా పేరు, ‘మన వరండా ట్యాంకు, ఫోనుతో తీసినది’ అని మాత్రమే రాశాను. ఎవరినీ ఒక్క మాట అనలేదు. వెనక కుర్చీలో కూర్చున్నాను.

జనం వచ్చారు. ఒక జూనియర్ అమ్మాయి ఇటూ అటూ చూసి గట్టిగానే అంది. “అక్కా, రెండూ ఒక్కటే ఉన్నయి కద?”

ప్రొఫెసర్ మేడం దగ్గరికి వచ్చి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. అతను పరుగులాంటి నడకతో వచ్చాడు.

“కోరల్స్ అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి మేడం. కామన్ స్పీషీస్.”

“పురుగు గూళ్ళు కూడ ఒక్కతీరుగనే ఇరుగుతయా అన్నా?” అని లేచాను. “మేడం, ఒక్కసారి ట్యాంకు దగ్గరికి రండి.”

మేడం నడిచారు. వెనక సగం డిపార్ట్‌మెంట్ నడిచింది. ఆంటీ ఇచ్చిన లెన్సును పైపు నుంచి ఊడదీసి మేడం చేతికిచ్చాను. ఆమె వంగి చాలాసేపు చూశారు. తర్వాత తల తిప్పకుండానే అడిగారు.

“నీ ఫొటో ఎక్కడ తీసినవన్నవ్?”

అతను ఒక దీవి పేరు చెప్పాడు.

“గీ దీవేనా?” అన్నారు మేడం, గాజు మీద వేలు పెట్టి.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరండా పొడుగునా పాకింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్ళు తిప్పుకోలేదు. ఆ ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకిందో అంతా చూశాను.

ఆ తర్వాత జరిగింది అంత గొప్పగా ఏమీ లేదు. డిపార్ట్‌మెంట్ పరువన్నారు. రెండు ఫొటోలూ దించేశారు. బృందంలో చోటు అతనికి ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. పక్క ల్యాబు నుంచి ఎవరో వెళ్ళారు. “నీకు ముందుముందు ఛాన్సులు వస్తయి,” అన్నారు మేడం. నాకు దక్కకపోయినా అతనికి దక్కలేదు. ఆ పూటకు అది చాలు. అబద్ధం ఎందుకు, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆంటీ కథంతా రెండుసార్లు చెప్పించుకున్నారు. ‘గీ దీవేనా’ దగ్గర కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. వచ్చిన ఆదివారం చర్చి నుంచి ఎప్పటికంటే ఆలస్యంగా వచ్చి, చెప్పులైనా విప్పకుండా నన్ను కేకేశారు.

“పాట మొదలుపెట్టబోతుంటే లేచి చెప్పేశానమ్మాయ్. ఇది మా ఆయన రాసింది, ఇకనుంచి ఆయన పేరు చెప్పి పాడండి అన్నాను. ముందు వరసలో కూర్చుంది ఆ పెద్దమనిషి కొడుకులే! వాళ్ళ మొహాలు నువ్వు చూడాల్సింది.”

ఇద్దరం అక్కడే, గేటు దగ్గరే నిలబడి నవ్వుకున్నాం.

అతను తర్వాత మౌలాలి వైపు ఏదో కాలేజీలో చేరాడని విన్నాను. చాలాకాలానికి ఒకరోజు తార్నాక బస్టాపులో ఎదురుపడ్డాడు. కొంచెం లావయ్యాడు. ముందు తటపటాయించి, తర్వాత తనే దగ్గరికి వచ్చాడు.

“మంచిగున్నవా చెల్లె? ఇంకా కోపమున్నదా ఏంది నామీద?”

“ఉన్నది,” అన్నాను.

పరిహాసం అనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా సన్నబడింది. బస్సు వచ్చింది. నాది కాదు, అయినా ఎక్కేశాను. కిటికీలోంచి వెనక్కి చూస్తే, అతను ఇంకా అక్కడే, చేతిలోని సంచీని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు.