అచ్చొచ్చిన కొక్కేలు

ఇనుప కుర్చీలకు పొడి రంగు కొట్టే మేస్త్రికి తన చేతి మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. పొడి చల్లే గన్ను పట్టుకుని నిలబడితే చాలు, రంగు తనంతట తానే వెళ్లి ఇనుముకు అతుక్కునేది. అదంతా తన హస్తవాసి అనుకున్నాడు. అందులో కరెంటుకు వాటా ఇవ్వడానికి మనసొప్పలేదు.

విద్యుదావేశాలకు హస్తవాసీ తెలీదు, మొహమాటమూ తెలీదు. ఒకే రకానివి ఎదురుపడితే తోసుకుంటాయి, వేరు రకానివైతే లాక్కుంటాయి. దూరం రెట్టింపైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఎన్ని రాజ్యాలు కూలినా ఈ లెక్క మారలేదు. గన్ను పొడికి ఆవేశం ఎక్కిస్తుంది. వేలాడదీసిన కొక్కెం ద్వారా నేలతో కలిసిన కుర్చీ ఆ పొడిని లాక్కుంటుంది. మేస్త్రి చేసేదల్లా గురిచూడటం.

ఆ కొక్కేల మీద పాత రంగు పొరలు పొరలుగా పేరుకుపోయింది. గీకేద్దామని కుర్చీలు వేలాడదీసే బావమరిది అంటే, అవి తనకు అచ్చొచ్చిన కొక్కేలు, ముట్టుకోవద్దని కసిరాడు. తన అనుభవమంతా వాటి మీదే పేరుకుందని ఆయన మురిపెం.

ఓ రోజు రంగు నిలవకుండా జలజలా రాలిపోయింది. ఓనరమ్మ వచ్చి చూసింది. సాయంత్రానికి కుర్చీలు తయారుకాకపోతే గన్ను బావమరిదికి ఇస్తానని చెప్పి వెళ్లింది. మేస్త్రికి ఆలోచించడం అలవాటు లేదు కనుక వోల్టేజీ పెంచాడు. కరెంటు కొక్కేల మీది పాత రంగు పొరలు దాటి నేలలోకి దిగలేదు. ముందు పడిన పొడి ఆవేశం కుర్చీ మీదే తిష్ఠవేసి, వెనకొచ్చే పొడిని తోసిపారేసింది. కుర్చీ వద్దన్న పొడంతా మేస్త్రిని మాత్రం మనసారా కావలించుకుంది. మీసాలతో సహా పచ్చబడ్డాడు.

కొక్కేలు చాలక బావమరిది ఒక కుర్చీని రంగంటని ఉత్త ఇనుప తీగకు కట్టాడు. దానికి రంగు నున్నగా పట్టింది.

"చూశావా, నా చెయ్యి దారిలో పడింది," అన్నాడు మేస్త్రి.

"పక్క కుర్చీకీ ఆ చేత్తోనే కొట్టావు గదా బావా. కొక్కేలు గీకనీ. గన్ను నా చేతికొస్తే అక్క నన్ను గడప తొక్కనివ్వదు."

మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు. అదే సరేననడం. వాడు కూర్చుని గీకాడు, ఈయన కొట్టాడు, చీకటి పడకముందే కుర్చీలన్నీ తళతళలాడాయి. పొద్దున ఏమైందని ఓనరమ్మ అడిగితే, "మావాడికి కుర్చీలు తగిలించడం సరిగా రాదమ్మా," అన్నాడు మేస్త్రి, మీసం దులుపుకుంటూ.

గన్ను ఆయన దగ్గరే ఉండిపోయింది. బావమరిది మర్నాడు రాలేదు. వెనక వీధిలోని మరో రంగుల షెడ్డులో చేరాడు. అక్కడ రంగు కొట్టేది వాడేనట.