తువ్వాలు వేసిన సీటు

విమాన ప్రయాణం ఇప్పుడు ముందురోజే మొదలవుతుంది. ఇదివరకు టికెట్టు పట్టుకుని రేణిగుంట విమానాశ్రయానికి వెళ్లి కౌంటరు ముందు నిలబడితే, అక్కడి అమ్మాయి మన మొహం చూసి, మనతో వచ్చిన పెద్దవాళ్ల మొహాలు చూసి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టేది. ఇప్పుడా పని ఫోనులో మనమే చేసుకోవాలి. కౌంటరులో చేయించుకుంటే దానికొక రుసుము. సీటు మనం ఎంచుకుంటే ఇంకొక రుసుము. ఎంచుకోకపోతే ఫోనే మనల్ని ఎక్కడో ఒకచోట పడేస్తుంది. పెట్టె సామాన్లలో వేయాలంటే మరో రుసుము. ఏడు కిలోల చేతిసంచి ఒక్కటి మాత్రం ఉచితం. ఊపిరి పీల్చుకోవడం గురించి ఎక్కడా రాయలేదు కాబట్టి అదీ ఉచితమేనని అర్థం చేసుకున్నాను.

వెళ్లాల్సింది ముగ్గురం. అమ్మ, నాయన, నేను. తిరుపతి నుంచి హైదరాబాదుకు, మా చిన్నమ్మను చూడటానికి. చిన్నమ్మ అంటే అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లిళ్లయి వేరే ఊళ్లలో స్థిరపడ్డ దగ్గర్నుంచి వాళ్లిద్దరూ రోజూ పొద్దున ఫోనులో మాట్లాడుకునేవాళ్లు. ఏం కూర వండావు, నీళ్లొచ్చాయా, పక్కింటావిడ కోడలు తిరిగొచ్చిందా. దేశానికి పనికొచ్చే విషయం ఒక్కటీ ఉండేది కాదు. కానీ ఆ మాటలు అయితే గానీ అమ్మ స్నానానికి లేచేది కాదు.

నిరుడు అమ్మకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, నెమ్మదిగా నడక వచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం అడ్డదారి పట్టింది. మనసులో ఒకటి ఉంటుంది, నోట్లోంచి ఇంకొకటి వస్తుంది. దాహమైతే చెప్పులు అడుగుతుంది. నేను పరుగెత్తి చెప్పులు తెచ్చిపెడతాను. ఆమె వాటికేసి, నాకేసి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. నాయన అయితే పేపరు చదువుతూనే లేచి వెళ్లి నీళ్లు తెచ్చిస్తాడు. ఆయనకెట్లా తెలుస్తుందో నేను చాలాసార్లు అడిగాను. తెలియకపోతే ఎట్లా అంటాడు, అంతకంటే వివరం లేదు.

ఫోనులో ఆ విద్య పనిచేయలేదు. చిన్నమ్మ అక్కడ హలో అంటే అమ్మ ఇక్కడ బియ్యం అనేది. రెండు మూడు సార్లు అట్లా అయ్యాక అమ్మ ఫోను మోగితే మొహం గోడవైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో చిన్నమ్మకు గుండె ఆపరేషన్ అయింది. ఆమె కదలకూడదు. కదలాల్సింది అమ్మే. రాత్రంతా బస్సులో కూర్చోవడానికి డాక్టరు ఒప్పుకోలేదు. రైల్లో పెళ్లిళ్ల రద్దీ, బెర్తు దొరికే ఆశ లేదు. అట్లా మా ఇంట్లో విమానం మాట వచ్చింది. అమ్మ అంతా విని, మంచం మీద తన పక్కనున్న ఖాళీని ఎడమచేత్తో రెండుసార్లు తట్టి, నాయనను చూపించింది. పక్కన ఆయన ఉంటేనే ఎక్కుతాను అని. అదొక్కటే ఆమె షరతు. నేను సరేనని మాటిచ్చాను.

ముందురోజు ఫోను తెరిచేసరికి, అది అమ్మను ముందు వరసలో కిటికీ పక్కన, నన్ను మధ్యలో, నాయనను చిట్టచివర కూర్చోబెట్టి ఉంది. సరే, కట్టేది కట్టి మారుద్దామనుకున్నాను. అది చిన్న విమానం. నడిచే దారికి అటు రెండు, ఇటు రెండు సీట్లు. ఆ బొమ్మలో ఖాళీగా మిగిలిన గళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి, పక్కపక్కన రెండు లేవు. మొగుడూపెళ్లాలను విడదీయడానికి కోర్టులకు ఏళ్లు పడుతుంది. ఫోను ఆ పని ఒక్క నిమిషంలో చేసింది.

నాయనకు చెప్పాను. ఆయన పెద్దగా కంగారు పడలేదు.

"మనం ముందుగా ఎక్కితే సాలు గదా. టవలేస్తే పాయె," అన్నాడు.

ఈ మాట అర్థం కావాలంటే చిత్తూరు బస్టాండు తెలియాలి. మాది ఐరాల దగ్గర పల్లె. నా చిన్నప్పుడు చిత్తూరు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం బస్సు ఎప్పుడూ కిక్కిరిసే వచ్చేది. బస్సు ఇంకా ఆగకముందే నాయన దాని పక్కన పరుగెత్తి, భుజం మీది తువ్వాలు తీసి, కిటికీలోంచి లోపలి సీటు మీదికి వేసేవాడు. ఇక ఆ సీటు మాది. తువ్వాలుకు కాపలా అక్కర్లేదు. నాయన తీరిగ్గా వెళ్లి టీ తాగి వచ్చేవాడు, జనం నిలువుకాళ్ల మీద నలుగుతూ ఉండేవాళ్లు, ఆ సీటు మాత్రం ఖాళీగా ఉండేది. కొట్టుకునేవాళ్లు కొట్టుకునేవాళ్లే, తిట్టుకునేవాళ్లు తిట్టుకునేవాళ్లే, కానీ తువ్వాలు తీసి పక్కన పడేసిన మనిషిని నేను చూడలేదు. అమ్మ మమ్మల్నందరినీ తోలుకుని ఆఖరున ఎక్కేది. సీటు ఎదురుగా కనబడుతున్నా, నాయన దాని పక్కనే నిలబడి ఉన్నా, ప్రతిసారీ "సీటు దొరికిందా?" అని అడిగేది. "టవలేసినా గదా," అనేవాడు నాయన. ఈ ప్రశ్న ఎందుకో, ఈ జవాబు ఎందుకో నాకప్పుడు అర్థమయ్యేది కాదు. వాళ్లు అందరి ముందూ మాట్లాడుకునే మాటలే తక్కువ, బహుశా ఇది వాటిలో ఒకటి.

విమానంలో ఇవి కుదరవని చెప్పాను. నాయన తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నాడని మాత్రమే అర్థం.

ఏడు కిలోల సంగతి మాత్రం ఆయనకు వెంటనే ఎక్కింది. చెరకు పండించి, బెల్లం వండి, మండీలో అమ్మిన మనిషి. తూకమంటే ఆయనకు ఉత్సాహం వస్తుంది. అటక మీది కొక్కెం కాటా దించి, వంటింటి గుమ్మానికి తగిలించి, మూడు సంచులూ ఒకదాని తర్వాత ఒకటి వేలాడదీశాడు. చిన్నమ్మకని అమ్మ చేత్తో చూపించి చూపించి సర్దించిన సంచి మొరాయించింది. అందులో ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు, చెనిక్కాయల పొడి, మా ఊరి బెల్లం ఉన్నాయి. ఆవకాయ చేతిసంచిలో పోనివ్వరని, కొబ్బరికాయ కూడా పోనివ్వరని ఫోనులో చదివి వినిపించాను. తుపాకీ, కత్తి, ఆవకాయ. వరస అట్లా ఉంది. నాయన ఆవకాయ జాడీని తీసి, ఎప్పుడూ తప్పుడు సావాసం చేయని పిల్లను చూసినట్టు కాసేపు చూసి, అలమారలో పెట్టేశాడు. అవి తీసినా సంచి ఇంకా బరువే.

"మనిషిని తూస్తారా?" అని అడిగాడు.

తూయరన్నాను. విమానం మోసేది మనిషినీ సంచినీ కలిపి అయినప్పుడు సంచిని ఒక్కదాన్నే తూయడం మండీలో కూడా జరగని మోసమని ఆయన అభిప్రాయపడ్డాడు. మర్నాడు పొద్దున ఆటో ఎక్కేటప్పుడు చూస్తే నాయన మీద చొక్కా మీద చొక్కా ఉంది. పంచె కింది నిక్కరు జేబుల్లో బెల్లం ముద్దలు ఉన్నాయి. నడుస్తుంటే రెండు పక్కలా కొంచెం ఊగుతున్నాడు. వీటన్నిటి మీద, భుజాన, ఎప్పటి తువ్వాలు.

విమానాశ్రయంలో అమ్మకు చక్రాల కుర్చీ ఇచ్చారు. కౌంటరులో అమ్మాయికి అమ్మ పరిస్థితి చెప్పి, ఆమె పక్కన నాయన ఉండాలని అడిగాను. ఆ అమ్మాయి మంచిదే. ఎంతో మర్యాదగా, సీట్లన్నీ ఫోన్లలోనే నిండిపోయాయి మేడమ్, లోపల ఎవరినైనా అడిగి చూడండి, మారినా మారతారు అంది. మర్యాదకు రుసుము లేదు, అందుకని అది ధారాళంగా దొరికింది. తనిఖీ దగ్గర నాయన జేబులు ఖాళీ చేయాల్సి వచ్చింది. బెల్లం ముద్దలు ఒక ట్రేలో, తువ్వాలు మడత పెట్టి వేరే ట్రేలో, ఆ మిషను లోపలికి వెళ్లాయి. యూనిఫాం వేసుకున్నాయన ఒక ముద్ద వాసన చూసి, ఇంకోసారి వాసన చూసి, వెనక్కిచ్చాడు. నాయన బెల్లం సంగతి పట్టించుకోలేదు. తువ్వాలు అవతలి నుంచి బయటికి వచ్చేదాకా ఆ రంధ్రంలోకే చూస్తూ నిలబడ్డాడు.

కుర్చీలో ఉన్నవాళ్లను ముందు ఎక్కిస్తారు, తోడు ఒకరిని పంపుతారు. నాయనను పంపి నేను వరసలో నిలబడ్డాను. నాలో నేను ప్రసంగం తయారు చేసుకున్నాను. అమ్మ పక్క సీటు మనిషికి ఏం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, పక్షవాతం ముందా చెల్లెలి ఆపరేషన్ ముందా, ఎక్కడ గొంతు తగ్గించాలి. ఆయన ఒప్పుకోకపోతే ఏం చేయాలో మాత్రం తయారు చేసుకోలేదు. అదే నన్ను భయపెట్టింది. అమ్మ ఒకే ఒకటి అడిగింది.

ఆ విమానానికి వెనకవైపు మెట్లు. ఎక్కగానే నాయన కనిపించాడు, చివరి సీట్లో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా. భుజం ఖాళీగా ఉంది.

"అమ్మ దగ్గిర ఉండకుండా ఈడెందుకు కూసున్నావు నాయనా?"

"విమానం పాప టికెట్టు సూసి ఈడ కూసోమనె. టవలేసొచ్చినాలే," అన్నాడు.

ఇది బస్సు కాదు నాయనా అన్నాను. సీటు సీటే గదా అన్నాడు. నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. వెనక జనం తోస్తుంటే ముందుకు నడిచాను.

అమ్మ కిటికీ పక్కన ఉంది. పక్క సీటు మీద నీలం గళ్ల తువ్వాలు, అంచులు సరిచేసి పరిచి ఉంది. దాని కొసను అమ్మ ఎడమచేత్తో పట్టుకుని, వచ్చేవాళ్లందరి మొహాల్లోకీ చూస్తోంది. నన్ను చూడగానే "చెప్పులు, చెప్పులు" అంది. నీళ్ల సీసా తీసిచ్చాను. తోసేసింది. మళ్లీ "చెప్పులు" అంది. నాకు అర్థం కాలేదు. నేను ఆమె కూతురిని, చదువుకున్నదాన్ని, ఏడాదిగా ఆమె పక్కనే ఉన్నాను, నాకు అర్థం కాలేదు. ఇంతలో విమానం అమ్మాయి వచ్చి, ఇది పైన పెట్టాలి మేడమ్, ఈ సీటు వేరేవాళ్లది అంది. నేను తువ్వాలు తీయబోయాను. అమ్మ వదల్లేదు. ఆ చేతిలో అంత బలం మిగిలి ఉందని డాక్టరుకు కూడా తెలిసి ఉండదు.

అప్పుడే ఆ సీటు మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెవుల్లో తెల్లని గుండీల్లాంటివి, చేతిలో నియమాల ప్రకారం ఉన్న సన్నని సంచి. ఎవరితోనో ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. విమానం అమ్మాయి ఆయనకు క్షమాపణలు చెప్పింది, ఒక్క నిమిషంలో ఖాళీ చేయిస్తాం సార్ అంది. ఆయన ఆమె మాట విన్నట్టు లేదు. సీటు వైపు చూశాడు. చెవిలోంచి ఒక గుండీ తీశాడు.

"ఎవురేసినారు టవలు?" అన్నాడు.

నేను మా నాయన అన్నాను. ఆయనకు సీటు వెనక వచ్చింది, అమ్మకు నిరుడు, అని నా ప్రసంగం మొదటి వాక్యంలో ఉన్నాను. ఆ మనిషి చెయ్యి ఎత్తి ఆపాడు.

"టవలేసిన సీట్లో ఎట్ల కూసుంటారు మ్మా? పెద్దాయన్ని రమ్మను. నేను ఆడికి పోతా."

అంతే. కారణం అడగలేదు. ఏ ఊరు మీదని కూడా అడగలేదు. డబ్బు కట్టి తీసుకున్న సీటు కదా సార్ అని విమానం అమ్మాయి గుర్తు చేసింది. కట్టినాను గానీ టవలెయ్యలేదు కదా అన్నాడాయన, ఇందులో తెలియనిదేముంది అన్నట్టు. సంచి తీసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. నా ప్రసంగం మిగతా భాగమంతా నా దగ్గరే ఉండిపోయింది.

నేను చెయ్యి ఊపితే లేచి వస్తున్న నాయన నడిచే దారిలో ఆయనకు ఎదురొచ్చాడు. ఇద్దరూ పక్కకు ఒదిగి ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. నాయన నిక్కరు జేబులోకి చెయ్యి పెట్టి, ఒక బెల్లం ముద్ద తీసి, ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తీసుకున్నాడు. కృతజ్ఞతల వంటివి ఏమీ జరగలేదు. జరగాలని వాళ్లిద్దరిలో ఎవరికీ తోచలేదు.

నాయన వచ్చి తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, భుజాన వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగింది. ఏడాదిగా ఒక్క మాట కూడా సరైన దారిలో రాని నోటితో, తడబడకుండా, పక్క వరసకు కూడా వినబడేటట్టు అడిగింది.

"సీటు దొరికిందా?"

నాయన ఆమెకేసి చూసి, తువ్వాలు కొసతో మొహం తుడుచుకున్నాడు. చెమట పట్టేంత ఉక్క లేదక్కడ.

"టవలేసినా గదా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. దారికడ్డంగా నిలబడి, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాను. విమానం అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని నా సీటు దాకా తీసుకెళ్లింది. బెల్టు పెట్టి, భయపడకండి మేడమ్, మొదటిసారా అని అడిగింది. అవునన్నాను.