ఎడమచేతి స్ప్రింగు

1979 జూలై 2న వరంగల్‌లోని ఒక మహిళా శిక్షణ కేంద్రంలో క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. కోర్సు ఏడాది, విద్యార్థినులు పద్దెనిమిది మంది. దారం పూల పని నేర్పేదాన్ని.

దానికి సామాను తక్కువ: సన్నని తీగ, పట్టుదారం రీలు, కటింగ్ ప్లేయరు, ఒక సైకిల్ చక్రపు పుల్ల. తీగను పుల్లకు దగ్గరగా చుట్టి, పుల్లను తీసేస్తే స్ప్రింగు మిగులుతుంది. దాన్ని కాస్త సాగదీసి, రేకులా వంచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం చుట్టాలి. స్ప్రింగు సందుల్లో దారం కూర్చుంటుంది. రేకుకు నలభై చుట్లు. ప్రతి రేకూ లెక్కపెట్టేదాన్ని. సమయం కలిసివస్తుందని క్లాసుకు స్ప్రింగులు నేనే చుట్టి తెచ్చేదాన్ని.

మరిపెడ నుంచి వచ్చిన రాజమణి క్లాసులో చేసిన రేకుల్లో దారం జారిపోయేది. ఇంటి దగ్గర చేసి తెచ్చినవాటిలో నలభై చుట్లూ సరిగ్గా ఉండేవి. డిసెంబరులో రికార్డులో ఆమె పేరు ఎదుట ‘సొంత పని కాదు’ అని రాశాను. ఆ మాట ఉంటే పరీక్షకు పంపకూడదు. సర్టిఫికెట్ తెస్తే ఆమెను టీచరుగా తీసుకుంటామని మరిపెడలో ఒక బడివాళ్లు మాట ఇచ్చి ఉన్నారు.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. “నేనే చేసిన మేడం. మీ ముందట చేస్త. ఎడమచేత్తోని చేస్త, తిట్టకుండ్రి” అంది. క్లాసులో అందరూ కుడిచేత్తోనే చుట్టాలన్నది నా నియమం. సరేనని నా స్ప్రింగు ఇచ్చాను. దారం మళ్లీ జారింది.

“ఇంట్ల దయ్యం చేసి పెడ్తాందేమో, అడుగుండ్రి మేడం” అని వెనక నుంచి ఒకామె అంది. అందరూ నవ్వారు.

“దయ్యం గాదు, ఏం గాదు. జర ఆ పుల్ల ఇయ్యుండ్రి. తీగ గూడ నేనే చుట్టుకుంట” అంది రాజమణి.

చుట్టుకుంది. ఈసారి దారం జారలేదు. లెక్కపెట్టాను, నలభై.

రెండు స్ప్రింగులూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడిచేత్తో చుట్టిన నాది ఒక వాలున తిరిగింది, ఎడమచేత్తో చుట్టిన ఆమెది ఎదురు వాలున. తీగ ఎటు తిరిగితే దారమూ అటే తిరగాలి, లేకపోతే సందులో నిలవదు. క్లాసులో నా నియమం వల్ల ఆమె అలవాటు లేని కుడిచేత్తో చుట్టేది, అందుకే అక్కడా జారేది. ఈ ఉద్యోగానికి ముందు నుంచీ, పదకొండేళ్లుగా చేస్తున్న పనిలో ఈ సంగతి నేను గమనించలేదు. రికార్డులో రాసింది కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేశాను.

1980 జూన్‌లో ప్రాక్టికల్ పరీక్ష. మూడు గంటల్లో రెండు పూలు, ఆకులతో సహా. స్ప్రింగులు చుట్టినవే ఇచ్చే పద్ధతి. రాజమణికి అంతే పొడవున్న చుట్టని తీగ ఇవ్వమని హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారిని అడిగాను. ఇస్తాననీ, సమయం మాత్రం పెంచననీ ఆయన అన్నారు. తీగ చుట్టడానికే ఆమెకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. రెండో పూవుకు ఆకు పెట్టలేకపోయింది. పాసు మార్కులు యాభై, ఆమెకు అరవై ఒకటి వచ్చాయి. ఆకు లేనందుకు కోసిన నాలుగు మార్కులు న్యాయమే.

తర్వాతి బ్యాచి నుంచి అందరికీ తీగ, పుల్ల ఇచ్చి ఎవరి స్ప్రింగు వాళ్లనే చుట్టుకోమన్నాను. అంతవరకు పని చెడితే చేసినవాళ్లను అనుమానించేదాన్ని. ఆ తర్వాత నేనిచ్చిన సామాను ముందు చూసేదాన్ని.