బావ వీపుతో ప్రొద్దుటూరు ప్రయాణం

ఈ ప్రయాణానికి మూలకారణం మా బావ వీపు. నిరుడు ప్రొద్దుటూరు చిత్రకళా ప్రదర్శన చూసివచ్చిన మా అక్క ఓబులమ్మ, "ఆడ గోడల నిండా ఆడోళ్ళు నీళ్ళు పోసుకుంటాండారు. మగోళ్ళెవురూ పోసుకోరా?" అని అడిగింది. జవాబు కూడా తనే చూపిస్తానంది. దాంతో అక్క వరసగా కొన్ని ఆదివారాలు బావ సుబ్బరాయుణ్ణి బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి, నెత్తిన చెంబుతో నీళ్ళు పోయించి, వెనకనుంచి రంగుల్లో బొమ్మ వేసింది. కళ కోసం బావ చేసిన త్యాగం జలుబు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. ఆ ఉత్సాహంలోనే కాబోలు, ఈ ఏడు ప్రదర్శన ప్రకటనలో "స్త్రీలు కూడా పాల్గొనవచ్చును" అని అచ్చువేశారు. మేము నమ్మి బయలుదేరాం.

పులివెందులలో పొద్దున ఆరింటికి బస్సు. కిటికీ సీటు కావాలంటే అయిదున్నరకే పోయి తువ్వాలు వేయాలి. బొమ్మను దుప్పట్లో చుట్టి బావ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏందప్పా అది, తలుపా?" అన్నాడు కండక్టరు.

"కాదు, మా బావ," అన్నాను.

"మనిషైతే టికెట్టు కొనాల్సిందే."

"వెనకవైపు మాత్రమే ఉందన్నా. అర టికెట్టు కొట్టు."

బావ నావైపు చూసిన చూపుకు టికెట్టు లేదు కాబట్టి దారి పొడుగునా ఉచితంగా చూశాడు.

ఎనిమిదిన్నరకు ముద్దనూరులో దిగి బస్సు మారాలి. అక్కడి హోటల్లో ఇడ్లీ బాగుంటుంది. చట్నీ మొదట్లోనే ఎక్కువ పోయించుకోండి, రెండోసారి అడిగితే వినపడనట్టు పోతారు. జమ్మలమడుగు ముందర పెన్న ఇసుకలో ఆడా మగా అందరూ దిగి నడవాలి. టికెట్టు మాత్రం కూర్చున్నందుకే తీసుకుంటారు. నదిలో నీళ్ళ జాడ లేదు.

జమ్మలమడుగులో భోజనం చేసి, ప్రొద్దుటూరు బస్సు కోసం కూర్చున్నాం. పక్కనున్న ముసలమ్మ ఊరుకోలేక దుప్పటి కొస ఎత్తి చూసింది.

"ఎవురిది మే, ఈ వీపు?"

"ఎదురుగా బీడీ కాలుస్తాండాడే, ఆయనదే," అంది అక్క.

ముసలమ్మ బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూసి, "బాగుండాది. మెడకింద సరిగ్గా రుద్దుకోలేదు సూడు," అంది. బావ బీడీ పారేసి దూరంగా పోయి నిలబడ్డాడు. అక్కకు దక్కిన తొలి విమర్శ అది. చాలా సంతోషపడింది.

ఒకటిన్నరకు ప్రొద్దుటూరు చేరాం. ప్రదర్శన ఒక బడిలో. వాకిట్లో కార్యదర్శి, కోటు వేసుకుని చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు. సాయంత్రం అయిదింటికి తాసీల్దారు ప్రారంభిస్తారట.

"ఆడోళ్ళవి వెనక గదిలో అమ్మా. ఇది చిత్రశాల," అన్నాడు. తర్వాత దుప్పటి విప్పి, బొమ్మనూ పక్కనున్న బావనూ చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏందమ్మా ఇది? అసభ్యం కదా!"

"మరి ఆ గోడల మీదియో?"

"అది సౌందర్యం."

"ఇది?"

"ఇది మీ ఆయన." ఆయన ఇంకోసారి చూశాడు. "పైగా ఇంత నలుపా? రవ్వంత తెలుపు కలపకూడదా?"

"కలిపితే ఇంటికి పోయినాక గుర్తుపట్టలేను," అంది అక్క.

బొమ్మను వెనక గదిలోనే పెట్టారు. ఒకవైపు గోంగూర ఊరగాయ జాడీ, ఇంకోవైపు రేడియోల మీద కప్పే లేసు గుడ్డల కుప్ప. బొమ్మకింద చీటీలో "శ్రీమతి సుబ్బరాయుడు, గృహాలంకరణ" అని రాశారు. అక్క చీటీ చదివి, "ఇది ఆ గోడకెక్కకపోతే ఇదే నా ఆఖరి బొమ్మ," అంది. ఆమె శపథాలు చేసే మనిషి కాదు. అందుకే నాకు తమాషా మాట ఒక్కటీ తట్టలేదు. నాకది అలవాటు లేని ఇబ్బంది.

లేసు గుడ్డలు అల్లింది ఖాదర్‌బీ, ఆ ఊరామె. రేడియో, కుర్చీ, కూజా, ఏది కనిపించినా కొలత తీసి గుడ్డ కప్పేస్తుంది. ఆమెను తోడు తీసుకుని చిత్రశాల చూడబోయాం. తామరకొలనుల్లో గులాబీరంగు ఆడవాళ్ళు, తడిచీరల్లో, వరసగా. పొద్దున్నే పెన్న ఇసుకలో నడిచి వచ్చానేమో, ఇన్ని నీళ్ళు ఈ జిల్లాలో ఎవరు దాచుకున్నారా అని ఆశ్చర్యపోయాను.

"నల్లపిల్ల ఒక్కతీ ల్యాదు. మేం నీళ్ళు పోసుకోమా ఏంది?" అంది ఖాదర్‌బీ. ఇంకో బొమ్మ ముందు ఆగి, "అయ్యో బిడ్డా, వాకిలి బార్లా తెరిచిపెట్టినారే!" అని, చేతిలోని లేసు గుడ్డ తీసి పటం మీద కప్పింది.

అయితే లేసుకు కంతలుంటాయి. వాటిలోంచి ఇంత భుజం, ఇంత నడుము. ఇందాక బొమ్మలా ఉన్నది ఇప్పుడు తడికెసందులోంచి చూస్తున్నట్టుంది.

అక్క దాన్ని చాలాసేపు చూసింది. "బీ, ఇంకా ఎన్ని ఉండాయి?"

"శానా ఉండాయి."

అయిదింటికి తాసీల్దారు వచ్చేసరికి గోడల నిండా లేసు గుడ్డలే. కార్యదర్శి గాభరాగా ఒకదాని కొస పట్టుకున్నాడు.

"ఏందప్పా," అంది ఖాదర్‌బీ, హాలంతా వినపడేట్టు, "ఆడబిడ్డ నీళ్ళు పోసుకుంటాంటే తెరెత్తి సూస్తావా?"

ఆయన నిప్పు తగిలినట్టు వదిలేశాడు. తర్వాత ఆ హాల్లో ఏ మగవాడూ చెయ్యెత్తలేదు. తాసీల్దారు పైకప్పు చూశారు, చేతి గడియారం చూశారు. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు అక్క వెనక గదినుంచి తన బొమ్మ తెచ్చింది. "దీనికి తెర అక్కర లేదు సార్. నేను ఆయన్ను అడిగి గీసినాను. వాళ్ళను ఎవురన్నా అడిగినారా?"

హాలంతా బొమ్మవైపు తిరిగింది. గొప్ప ఘట్టం. బావ తుమ్మాడు.

"నిన్ను అడిగిందా అప్పా?" అన్నారు తాసీల్దారు.

"అడగలేదు సార్, చెప్పింది," అన్నాడు బావ. "కాదనలేదు గాబట్టి అడిగినట్టే."

తాసీల్దారు నవ్వు ఆపుకోలేకపోయారు. బొమ్మ దగ్గరికి పోయి, "నీటిచుక్క వెన్ను మీద దిగుతున్నట్టే ఉంది," అని, కార్యదర్శివైపు తిరిగి, "గోడకు మేకు లేదా?" అన్నారు.

మేకు ఒక్కటీ ఖాళీగా లేదు. కార్యదర్శి చివరికి ఒక పటం దించాడు. అది ఆయన వేసిందేనని తర్వాత తెలిసింది. దాన్ని చంకలో పెట్టుకుని, ఎక్కడ ఆనించాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంటే కొంచెం జాలేసింది, ఎక్కువ కాదు. అక్క చీటీ కొట్టేయించి, "పి. ఓబులమ్మ, పులివెందుల" అని రాయించి, దగ్గరుండి అతికించింది. ఆ తర్వాతే ఖాదర్‌బీ తెరలు తీసింది. బహుమతి ఒక కొలనుకే ఇచ్చారు.

రాత్రి ఖాదర్‌బీ ఇంట్లో బస. దుప్పటికి కూడా లేసు అంచుంది. మర్నాడు బజార్లో ఎవరో బావను వెనకనుంచి గుర్తుపట్టి పిలిచారు. అప్పటినుంచి బావ నిటారుగా నడుస్తున్నాడు.

బొమ్మను గోడకే వదిలి, జమ్మలమడుగులో బస్సు మారాం. ముందు సీట్లో ఒక పెద్దాయన పక్కమనిషికి ప్రదర్శన వర్ణిస్తున్నాడు.

"ఒక నల్లటాయన వీపు గీసినారప్పా. నీళ్ళు తుడవాలనిపించింది. కింద ఆడమనిషి పేరుండాది గానీ, మగోడే గీసుంటాడు."

"మగవాడు తన వీపు తాను ఎట్లా చూసుకుంటాడు తాతా?" అన్నాను.

పెద్దాయన మెడ తిప్పి తన వీపు చూసుకోబోయాడు. ఈ ప్రయాణంలో నాకు తెలిసింది కూడా అంతే: మగవాళ్ళకు కనపడనిది ఒకటుంది, అది ఎవరో ఒకరు వేసి చూపించాలి.

అక్క ముందుకు వంగింది. "ఆ ఆడమనిషి పేరేందంటివి తాతా?"

"ఓబులమ్మ. పులివెందులామె అంట."

"సరిగ్గా వినపడలేదు."

ఆయన గట్టిగా చెప్పాడు. ముద్దనూరు వచ్చేలోగా అక్కకు ఇంకా చాలాసార్లు వినపడలేదు.