జేబున్న పట్టు గౌను

రెండు వేల మూడో నాలుగో సంవత్సరంలో, ఆళ్లగడ్డలో, మా అవ్వ పెళ్లిచీర కొంగును నేను ఒక్క మధ్యాహ్నంలో సర్వనాశనం చేశాను. ఎలుకలు కొట్టినా అంత నష్టం జరిగేది కాదు. పాపం, ఎలుకలకు కంప్యూటర్ రాదు. నాకు వచ్చు. నంద్యాలలో మూడు నెలల కోర్సు చేసి, ఆరు నెలలుగా ఇంట్లో దాని గొప్పలు చెబుతున్నాను.

మా అమ్మ బట్టలు కుట్టేది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసిన గుర్తు లేదు. మా అక్క సరోజకు ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డను చూడకుండానే అవ్వ పోయింది. అందుకే బిడ్డకు అవ్వ పేరు పెట్టాలని, తొట్లలో, అదే ఉయ్యాలలో, వేసే రోజు అవ్వ పెళ్లిచీరతో కుట్టిన గౌనే తొడగాలని అక్క పట్టుబట్టింది. చీరంతా చిరుగులు. బాగున్నది కొంగొక్కటే.

అమ్మ తన పద్ధతిలో కుట్టేసి ఉంటే మీకు ఈ కథ లేదు. నేనే అడ్డం పడ్డాను. ఇంటర్నెట్‌లో బయటి దేశాల పేపర్ కటింగులు ఉంటాయని, కాగితం గుడ్డ మీద పెట్టి గీత వెంట కత్తిరిస్తే ఊళ్లో ఎవరూ చూడని గౌను వస్తుందని ఊదరగొట్టి నంద్యాల బస్సెక్కాను.

ఆరు నెలల పిల్లల గౌను నమూనా దొరికింది. ప్రింటు తీసే ముందు ఇంటర్నెట్ సెంటర్ ఆయన ఒక మాట అడిగాడు. "బొమ్మ పేజీ కంటే పెద్దగుండాదప్పా. పేజీకి సరిపెట్టాల్నా, ఉన్నదున్నట్టు తీయాల్నా? ఉన్నదున్నట్టంటే నాలుగు పేజీలైతాది, అతికించుకోవాల."

మీరే చెప్పండి, బట్టలు కుట్టే ఇంట్లో పుట్టినవాడు ఎవడైనా సరిపెట్టొద్దంటాడా? సరిపెట్టమన్నాను. ఒక్క కాగితంలో వచ్చేసింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కాగితం మీద చెయ్యి పరిచి చూసింది.

"ఏందిరా ఇది, జానెడు గూడా లేదు. ఆ దేశం బిడ్డలు ఇంతింతే ఉంటారా?"

"చలి దేశం గదమ్మా. ముడుచుకోనుంటారు."

నిజం చెప్పాలంటే నాకూ అయోమయంగానే ఉంది. కాగితం చూస్తే చిన్నది, దాని మీద రాసింది చూస్తే ఆరు నెలలు. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా? పోనీ అక్క బిడ్డ ఎంతుందో గుర్తు చేసుకుందామంటే, నెల కిందట చూసిన బిడ్డ ఒకసారి సొరకాయంత, ఒకసారి గుమ్మడికాయంత కనిపించింది.

పైగా కాగితం మూలన ఒక చదరపు గడి, దాని లోపల చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఇదేందని అమ్మ అడిగింది. చదివే ఓపిక నాకు లేదు, తెలియదంటే కోర్సుకే అవమానం. జేబు అని చెప్పాను. చంటిబిడ్డ జేబులో ఏం పెట్టుకుంటుందని అడిగితే, ఆడ అదే ఫ్యాషనన్నాను.

అక్క బిడ్డతో బనగానపల్లె నుంచి వస్తోంది. ఆమెను పిలుచుకురావడానికి అమ్మ బస్టాండుకు బయలుదేరుతూ గడప దగ్గర ఆగింది. "కొంగు ఒకటే ఉండాది. నేనొచ్చేదాకా కత్తెర ముట్టొద్దు."

బస్సు ఆలస్యమైంది. నా చేతులు ఆగలేదు. కొంగు సరిగ్గా మధ్యలో, జరీ నిండుగా ఉన్నచోట కాగితం పరిచి గీత వెంట కత్తిరించాను. కుట్టాను. జేబు కూడా కుట్టాను.

అక్క వచ్చింది. గౌను బిడ్డ తల దాటలేదు. నెత్తి మీద టోపీలా కూర్చుంది. బిడ్డ నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అక్క కొంగును ఒళ్లో వేసుకుని, నేను చేసిన కంత చుట్టూ వేలితో తడిమింది.

"అవ్వ చీరరా ఇది," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే తల వంగుతుంది.

అమ్మ తిట్టలేదు. మెడలో టేపు తీసి, బిడ్డను చాప మీద పడుకోబెట్టి కొలిచింది. కొంగులో అటూ ఇటూ మిగిలిన ముక్కలు కలిపి, అతుకు మీద జరీ అంచు వేసి, పొద్దు వాలేలోగా గౌను కుట్టేసింది. తొట్లలో వేసిన రోజు బిడ్డ దాన్నే తొడుక్కుని, అవ్వ పేరు పెట్టించుకుని, వెంటనే తడిపేసింది.

నా గౌనును అక్క తీసుకెళ్లి అవ్వ పూజ గూట్లోని ఇత్తడి కృష్ణుడికి తొడిగింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. దేవుడికి జేబున్న ఇల్లు ఆళ్లగడ్డలో మాదొక్కటే.

తొట్లలో వేసిన సాయంత్రమే అక్క ఆ నమూనా కాగితంతో బిడ్డకు గాలి విసురుతూ, మధ్యలో ఆపి, మూలనున్న గడిని కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఏరా, ఇది జేబంటివే?"

"అవునక్కా."

"మొదట ఈ గడిని కొలువు, అంగుళం లేకుంటే కత్తెర పట్టొద్దు, అని రాసుండాది."

అమ్మ టేపు పెట్టింది. అరంగుళం ఉంది. నేను పేజీకి సరిపెట్టమన్నందుకు గౌనంతా సగానికి తగ్గిపోయిందన్నమాట. నా కోర్సు చెప్పని నిజం ఆ కాగితంలో ఆ గడి ఒక్కటే చెప్పింది, దాన్ని నేను జేబు చేసి కుట్టాను. టేపు అమ్మ మెడలో పెట్టుకుని కొలత కోసం నంద్యాల దాకా పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్క ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వింది. అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు.

కాబట్టి, ఇకపై ఏ కాగితాన్నీ కొలవకుండా కత్తెర ముట్టనని ఇత్తడి కృష్ణుడి జేబు మీద ఒట్టేస్తున్నాను. జేబు అరంగుళమే. ఒట్టు మాత్రం సరిపెట్టింది కాదు, ఉన్నదున్నట్టు, నాలుగు పేజీలది.