ఈతకొలనులో మూడు రోజులు

మూడో రోజు మా మనవరాలిని ఈతకొలనులోంచి వెళ్ళగొట్టారు. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరినీ కొట్టలేదు, గిచ్చలేదు, నీళ్ళు పాడు చేయలేదు. ఈత నేర్పే ఆయన విజిల్ ఊదితే చెవులు మూసుకొని అరిచింది. అదే ఆ పిల్ల చేసిన నేరం. ఇన్నేళ్ళయినా నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజుల మాట. మేము బట్లహళ్ళి పక్కన ఉండేవాళ్ళం. పిల్లకు మాటలు రాలేదు. బెంగళూరు డాక్టరు ఆటిజం అన్నాడు. నేను బడికి పోయినవాణ్ణి కాను. బస్సుల బోర్డులు చూసి కన్నడం, పొట్లాలు కట్టిన కాగితాలు చూసి తెలుగు నేర్చుకున్నవాణ్ణి. డాక్టరు చెప్పిన ఆ మాటను చీటీ మీద రాయించుకొని, అర్థం చెప్పేవాళ్ళ కోసం చింతామణి టౌనంతా తిరిగాను. ఎవరూ చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళు మాత్రం అడక్కుండానే చెప్పారు, గాలి సోకిందని.

నాకు తెలిసింది ఒక్కటే. ఆ పిల్లకు నీళ్ళంటే ప్రాణం. భయం లేదు. ఒక వానాకాలం, మేము అటు తిరిగిన కాసేపట్లో, రాళ్ళు కొట్టి వదిలేసిన గుంటలోకి నడుచుకుంటూ దిగిపోయింది. నేను పరిగెత్తి చేరేసరికి గడ్డం దాకా నీళ్ళు. నవ్వుతూ ఉంది. ఈత రాకపోతే ఈ బిడ్డ మాకు దక్కదని ఆ రోజే అనుకున్నాను.

నేను ఈత నేర్చుకున్నది మా బావిలో, వీపుకు ఎండిన సొరబుర్ర కట్టుకొని. ఆ బావి ఎప్పుడో ఎండిపోయింది. చుట్టుపక్కల బావులన్నీ అంతే. బోర్ల మీద బోర్లు వేసి నీళ్ళను పాతాళానికి తరిమాము. మునిగిపోవడానికి గుంటలున్నాయి గానీ, ఈత నేర్పడానికి నీళ్ళు లేవు. అందుకే చిక్కబళ్ళాపురంలో ఒక సంఘం నడిపే ఈతకొలనుకు తీసుకుపోయాను. పిల్ల తల్లి, అంటే నా కూతురు, పట్టుదారం తీసే పనికి పోయేది. రెండు బస్సులు మారి మేమిద్దరమే పోయేవాళ్ళం.

మొదటి రోజు నా చేతిలో సొరబుర్ర చూసి ఈత నేర్పే ఆయన నవ్వాడు.

"ఏమప్పా, సాంబారు చేసేకి తెచ్చినావా?"

"వీపుకు కట్టేకి. బిగించి కడితే బిడ్డ నెమ్మదిగా ఉంటాది."

"ఇది బావి కాదప్పా. ఈడ రూల్స్ ఉండాయి. తీసి పక్కన పెట్టు."

పెట్టాను. పిల్లను వదులుగా తాకితే ఉలిక్కిపడుతుంది, గట్టిగా పట్టుకుంటే కుదుటపడుతుంది. దుప్పటి బిగించి చుట్టి పడుకోబెట్టేవాణ్ణి గనక నాకు తెలుసు. ఆయనకు ఇదంతా చెబుతుంటే గడియారం చూసుకున్నాడు.

మూడో రోజు పదిమంది పిల్లలు కమ్మీ పట్టుకొని నీళ్ళలో వరుసగా నిలబడ్డారు. అందరూ ముఖం ముంచి బుడగలు ఊదుతున్నారు. మా పిల్ల వాళ్ళను చూసింది. చూసి, తనూ ముఖం ముంచి ఊదింది. పక్కవాళ్ళను చూసి ఒక పని చేయడం పుట్టిన తరువాత అదే మొదలు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడే విజిల్ మోగింది.

మా పిల్ల అరుపుకు మిగతా పిల్లలందరూ గట్టెక్కేశారు. ఒక పిల్లవాడి తల్లి నా దగ్గరకు వచ్చింది.

"ఏమీ అనుకోవద్దప్పా, మా బిడ్డలు బెదురుకుంటాండారు. ఇట్లాంటోళ్ళకు వేరే బడి ఉంటాది కదా?"

"యాడ ఉండాదమ్మా? చెప్పు, రేపే పోతాను."

ఆమె అటు తిరిగింది. నేను ఈత నేర్పే ఆయన దగ్గరకు పోయి, "విజిల్ వద్దు, చెయ్యి గట్టిగా పట్టుకొని పిలువప్పా" అన్నాను.

"ఒక్క బిడ్డ కోసరం నేను విజిల్ మానేస్తే తొమ్మిదిమంది నా మాట వింటారా? పిల్చుకొని పోప్పా. ఇట్లాంటి బిడ్డకు నేర్పేకి నాకు రాదు."

ఆ చివరి మాట ఒక్కటే నిజం చెప్పాడు.

తిరుగు బస్సులో జనం నిలబడి ఉన్నారు. మా పక్క సీటు మాత్రం ఖాళీ. చింతామణి దాకా పిల్ల నోటితో బుడగలు ఊదుతూనే ఉంది, నీళ్ళు లేకుండా. పిల్ల నేర్చుకుందని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు.

సంఘానికి కన్నడంలో అర్జీ రాశాను. నేను అడిగింది పెద్ద విషయమేమీ కాదు. విజిల్ లేకుండా, మిగతా పిల్లలతోపాటు, అదే నీళ్ళలో నేర్పండి అన్నాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ.

"చాలు నాయనా, వాళ్ళు పలకరు" అంది నా కూతురు.

"పలికే దాకా రాస్తా."

మళ్ళీ వానలు పడ్డాయి, గుంట నిండింది. పగలంతా గడపకు అడ్డంగా కూర్చునేవాణ్ణి. పిల్ల నా భుజం మీదుగా వానను చూస్తూ నిలబడేది. పలకరించడానికి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

వానలు వెనకబట్టాక జవాబు వచ్చింది. కన్నడంలో టైపు చేసి, ముద్ర వేసిన కాగితం. నిలబడే మూడుసార్లు చదివాను. తెలుగులో చెప్పాలంటే ఇది:

"మీ అర్జీలు అందినవి. ఇతర పిల్లలకు ఇబ్బంది కలగకుండా, మధ్యాహ్నం రెండు నుంచి మూడు గంటల వరకు, కొలనులో ఎవరూ లేని సమయంలో మీ మనవరాలిని తీసుకురావచ్చును. ఆ సమయంలో నేర్పేవారు ఉండరు."