యాభై ఎనిమిది కిలోల ఇసుక

బడిలో పిల్లల దగ్గర్నుంచి మాస్టార్ల దాకా అందరికీ ఆయన కొలతల బాబాయే. సైన్సు గదిలో అటెండరు. గాజు గొట్టాలు కడిగి, తుడిచి, అరల్లో పేర్చి, పిల్లలు వచ్చేసరికి ఏ బల్ల మీద ఎంత ద్రావణం ఉండాలో చుక్క తేడా రాకుండా పోసి ఉంచుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. "మూడుసార్లు చూడనిది కొలత కాదు" అన్నది ఆయన మాట. పరీక్షలప్పుడు కెమిస్ట్రీ మాస్టారు కూడా ఒకసారి ఆయన్ని అడిగిగానీ మార్కు వెయ్యడు. మనిషి మెత్తన. ఏ పిల్ల చేతిలోంచైనా గొట్టం జారి పగిలితే ముందు ఆ పిల్ల చెయ్యి చూసి, తరవాత ముక్కలు ఏరే రకం.

ఆయన భార్య పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి మడత పెడుతుంది. ఉదయం ఆరింటికల్లా పనిలో ఉండాలి. ఏనాడో లాండ్రీలో తడి గచ్చు మీద జారిపడి ఆవిడ కుడి మోకాలు పాడైంది. సగం దాకా వంగుతుంది, ఆ పైన మొండికేస్తుంది. నడవగలదు, గంటలు గంటలు నిలబడగలదు. ఎవరికీ చెప్పుకోదు కాబట్టి చాలామందికి తెలీదు. ఇంట్లో వాళ్ళకీ గుర్తుండదు.

ఇంటి నుంచి ఆసుపత్రికి తెల్లారుజామున నేరుగా వెళ్ళే బస్సు ఒకటుండేది. దాన్ని తీసేశారు. ఇప్పుడు ఉన్నవాటిలో మొదటి బస్సే పట్టుకున్నా, రెండు బస్సులు మారి వెళ్ళేసరికి ఆరూ ఇరవై, ఒక్కోరోజు ఆరున్నర. లాండ్రీలో పనంతా చూసుకునే ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. ఆ పెద్దమ్మ దేవుడు పంపినట్టు దొరికింది. ఈవిడ వచ్చేదాకా ఈవిడ వంతు మడతలు తనే పెట్టేది, నోరెత్తేది కాదు. ఒకరోజు మాత్రం పక్కకి పిలిచింది.

"చూడు తల్లీ, పై నెల కాదు, ఆపై నెల ఒకటో తారీకు నుంచి గేటు దగ్గర వేలు పెట్టే మిషను వస్తోందట. కొత్త మేనేజరు పట్టుబట్టాడు. మనుషులైతే నేను సర్దిచెప్పగలను, మిషను నా మాట వినదు. ఆ రోజు ఆలస్యమైతే నీ చోట్లోకి ఇంకొకరు వస్తారు. ఆరు వారాలుంది, ఈలోపు ఏదో ఒక దారి చూసుకో."

ఆ సాయంత్రం భార్య చెప్పింది విని ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బండి కొందాం. రోజూ నేనే దింపి వస్తా. నా బడి తొమ్మిదింటికి కదా!"

ఆవిడ మొహం వెలిగింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఇంట్లోకి వచ్చే మొదటి బండి. కొనడానికి దాచుకున్నదీ ఉంది. ఇక కావలసిందల్లా ఏ బండి అన్నదే.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడకి ఒక స్కూటరుంది. ఇద్దరూ వదినా అని పిలుచుకుంటారు. తన దుకాణం ఊరికి ఆ చివరైనా, రెండు మూడుసార్లు ఈవిణ్ణి ఆసుపత్రిలో దింపి వచ్చింది.

"వదిన స్కూటరు లాంటిది బాగుంటుందండీ" అంది భార్య. "కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది. కాలు చాపుకోవచ్చు."

"బాగుండటం వేరు, పెట్రోలు వేరు. రోజుకి రెండుసార్లు పోను, రెండుసార్లు రాను. లీటరుకి ఎంతిస్తుందో చూడొద్దూ?"

"కంపెనీవాళ్ళు రాస్తారుగా?"

"వాళ్ళు రాసింది నేను నమ్మాలా?"

నమ్మలేదు. బడిలో ఒక్కొక్కరినీ అడిగాడు. కెమిస్ట్రీ మాస్టారు తన మోటారుసైకిలు ఇచ్చాడు, క్లర్కు ఇచ్చాడు, వాచ్‌మన్ ఇచ్చాడు, పక్కింటి వదిన స్కూటరు తాళం ఏకంగా కిటికీలోంచే విసిరింది. ఎవరూ కాదనలేదు. ఇరవై రెండేళ్ళ మంచితనం ఆయనకి అలా నాలుగు బండ్లై తిరిగొచ్చింది.

ప్రతి ఆదివారం ఇదే పని. ట్యాంకు ఖాళీ చెయ్యడం, సైన్సు గది నుంచి తెచ్చిన గాజు కొలపాత్రతో సరిగ్గా లీటరు పొయ్యడం, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద బండి తనంతట తను ఆగిపోయేదాకా నడపడం, అంకె రాసుకోవడం. ఒక్కో బండికీ మూడుసార్లు.

మొదటి ఆదివారానికి ముందురోజే ఒక సందేహం వచ్చింది. తనొక్కడే నడిపితే లెక్క ఎలా సరిపోతుంది? వెనకాల ఆవిడ ఉంటుంది కదా! ఆ సాయంత్రమే భార్యని మందుల దుకాణానికి తీసుకెళ్ళి బరువు చూసే యంత్రం ఎక్కించాడు.

"ఎన్నాళ్ళకండీ, నా ఒంటి సంగతి మీకు పట్టింది!" అని ఆవిడ మురిసిపోయింది.

"యాభై ఎనిమిది" అని ఆయన రాసుకున్నాడు.

ఆవిడకి ఆదివారాలు కూడా డ్యూటీ ఉంటుంది. అందుకని యాభై ఎనిమిది కిలోల ఇసుక తూచి, రెండు సంచుల్లో పోసి, బండి వెనక సీటు మీద తాడుతో బిగించాడు. ఆ ఇసుకనే ఎక్కించుకుని ఆరు ఆదివారాలు తిరిగాడు. వీధిలో జనం నవ్వారు.

"ఏం బాబాయ్, పిన్నిని ఇంట్లో పెట్టి ఇసుకని షికారు తిప్పుతున్నావా?"

"పిన్ని కోసమేరా!" అనేవాడు సంతోషంగా. అది నిజం కూడా.

అన్నీ అయ్యాక స్కూటరు నలభై ఆరు దగ్గర ఆగింది. మోటారుసైకిళ్ళలో ఒకటి మూడుసార్లూ డెబ్భై ఒకటి ఇచ్చింది. సన్నగా, ఎత్తుగా, తేలిగ్గా ఉండే బండి. వెనక సీటు ముందు సీటు కన్నా జానెడు పైకి లేచి ఉంటుంది.

"నలభై ఆరెక్కడ, డెబ్భై ఒకటెక్కడ!" అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర.

"నాకేం తెలుసు, మీరు చూశారంటే చూసినట్టే" అంది ఆవిడ.

బండి చేతికి వచ్చేసరికి నెలాఖరు సాయంత్రమైంది. ఆవిడ గుమ్మం దిగి వచ్చి, సీటు మీద చెయ్యి వేసి చూసింది. సీటు ఆవిడ నడుం పైకి వచ్చింది.

"కొంచెం ఎత్తుందేమోనండీ."

"రెండు రోజులు ఎక్కితే అలవాటైపోతుంది. పొద్దున్నే లేవాలి, పడుకో."

మర్నాడు ఒకటో తారీకు. ఐదింటికే ఆవిడ డబ్బా కట్టుకుని తయారైంది. ఆయన బండి స్టార్టు చేసి ఎక్కమన్నాడు. ఎడంకాలు మెట్టు మీద పెట్టింది, కుడికాలు లేవలేదు. పక్కకి కూర్చోబోయింది, ఒళ్ళు అంత ఎత్తుకి లేవలేదు. ఇంట్లోంచి పీట తెచ్చాడు. పీట ఎక్కి, ఆయన భుజం పట్టుకుని, పళ్ళు బిగబట్టి ఎలాగో కూర్చుంది.

ఆ చప్పుడికి పక్కింటి వదిన తలుపు తీసుకుని వచ్చింది. చూడగానే అర్థమైంది ఆవిడకి.

"అన్నయ్యగారూ, ఇవాళ్టికి నేను దింపి వస్తా. స్కూటరు బయటే ఉంది."

ఆయనకి చిన్నతనం అనిపించింది. ఆరు వారాలు వెతికి వెతికి కొన్న బండి ముందు, వాళ్ళ నలభై ఆరా?

"ఎందుకమ్మా నీకు శ్రమ! అలవాటవ్వాలిగా."

భార్య వదిన వంక చూసింది.

రెండు కిలోమీటర్లు ఆయన నెమ్మదిగానే నడిపాడు. మూడో స్పీడు బ్రేకరు దగ్గర వెనక నుంచి కేక వినిపించింది. మనిషి కేకలా లేదది. బండి ఆపాడు. ఆవిడ మోకాలు వంగి వంగి బిగిసిపోయింది, ఇటూ రాదు, అటూ రాదు. దించుదామంటే ఒక్కడి వల్ల కాలేదు. రోడ్డు వార కూర్చుని పేపర్లు సర్దుతున్న మనిషి తన కట్టలు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి దించారు. ఆ మనిషి తన పేపరు కట్టనే కుర్చీగా వేసి, "కూర్చో అక్కా, నలిగితే నలుగుతాయిలే" అన్నాడు.

ఆయన ఆవిడ మోకాలు పట్టి మెల్లగా సాగదీశాడు. టైము ఐదూ ముప్ఫై ఐదు.

"ఇంకొక్కసారి ఎక్కి చూద్దామా?"

"నన్ను ఒక్కసారి ఎక్కించి చూడాల్సిందండీ" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "ఇసుక మూటకి మోకాళ్ళుండవు కదా."

పేపరు మనిషి చెయ్యి ఊపితే స్టాపు కాని చోట కూడా బస్సు ఆగింది. ఆవిణ్ణి ఎక్కించారు. అది ఆసుపత్రికి పోయే బస్సు కాదు, ఇంకోటి మారాలి.

ఆయన ఏం చెయ్యాలో తెలీక బండి తీశాడు. రోడ్డు ఖాళీ. ఆరుకి ఐదు నిమిషాలుందనగా ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నాడు. గోడకి కొత్త మిషను, దాని ముందు వరస. ఆయన అక్కడి వాచ్‌మన్ చేతులు పట్టుకున్నాడు.

"మా ఆవిడ దారిలో ఉందయ్యా. నేను వచ్చాను కదా, రాసుకోవచ్చుగా?"

"నీ వేలు దానికెందుకు పెద్దాయనా? అమ్మది కావాలి" అన్నాడు వాచ్‌మన్. జాలిగా అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

ఆవిడ ఆరూ ఇరవై ఏడుకి దిగింది. కుంటుతూ వచ్చి వేలు పెట్టింది. ఆ అంకెను మూడుసార్లు చూడాల్సిన పని లేదు. పది నిమిషాలకి పెద్దమ్మ బయటికి వచ్చింది. చేతిలో ఈవిడ చెప్పులు, దువ్వెన, పని గదిలో ఉంచుకునే పాత చద్దరు. చద్దరు చక్కగా మడత పెట్టి ఉంది.

"నిన్నటిదాకా నా చేతిలో ఉండేది తల్లీ" అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తున్న ఆవిణ్ణి పని పోయిన మనిషే ఓదార్చింది.

ఇద్దరూ గేటు బయట బండి దగ్గరికి వచ్చారు.

"షోరూముకి వెళ్ళి మార్చమంటాను" అన్నాడు ఆయన.

"ఇప్పుడెందుకండీ? నేనెక్కడికి వెళ్ళాలి?" అంది ఆవిడ. "బస్సొస్తోంది. మీరు వెళ్ళండి, బడికి టైమవుతుంది."

ఆవిడ బస్సెక్కింది. ఎవరో కుర్రది లేచి చోటిచ్చింది, కిటికీ పక్క చోటు. ఆయన బడి వైపు తిరగలేకపోయాడు. బస్సు వెనకే నడిపాడు. బస్సు ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. నాలుగో స్టాపులో కండక్టరు తలుపులోంచి వంగి కేకేశాడు.

"ఏం సార్, ముందుకెళ్ళరేం? దారి తెలీదా?"

"మా ఆవిడ లోపలుంది" అన్నాడు ఆయన.

"బాగుందండీ! వెనక సీటు ఖాళీగా పెట్టుకుని ఆవిడ చేత టిక్కెట్టు కొనిపిస్తున్నారా?"

బస్సులో జనం నవ్వారు. కిటికీ దగ్గర ఆవిడ మోకాలి మీద రెండు చేతులూ పెట్టుకుని తిన్నగా ముందుకి చూస్తోంది. నవ్వలేదు, వెనక్కీ తిరగలేదు. బస్సు కదిలింది.